కమిలిన వీపు

నాకు పెళ్లి ఆలస్యంగా అయింది. అప్పటిదాకా నర్సీపట్నంలో మా అన్నయ్య ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. పొద్దున్న కూర్చుంటే చీకటి పడేదాకా ట్యూబులైటు కిందే. ఎండంటే నాకు గుమ్మం అవతల కనిపించే తెల్లటి వెలుతురు, అంతే.

ఆయన బస్సు డ్రైవరు. మొదటి భార్య జబ్బు చేసి పోయింది. కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆ పిల్ల నాతో దెబ్బలాడలేదు, మొహం ముడుచుకోలేదు. పెట్టింది తినేది, తన కంచం తనే కడిగేది. కానీ నన్ను ఏమనీ పిలిచేది కాదు. పిన్ని అనమని వాళ్ల మామ్మ చెబితే తలూపింది. ఆ మాట మాత్రం నోట్లోంచి రాలేదు. నాతో ఏదైనా చెప్పాలంటే దగ్గరికొచ్చి, నేను తలెత్తేదాకా నిలబడేది. నేనూ బలవంతపెట్టలేదు. వాళ్లమ్మ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నేను బాధపడతానని వాళ్లు, పిల్ల ఏడుస్తుందని నేను.

ఆ వేసవిలో కోటవురట్ల దగ్గరి పల్లె నుంచి మా అత్తగారు ఫోన్ చేశారు. "జీడిపిక్కలు రాలిపోతన్నాయమ్మా. మనుషులు దొరకట్లేదు. పిల్లని తీసుకుని ఓ పూట వస్తావేటి?"

కొత్త కోడల్ని. పనికి వెనకాడుతుందని ఎవరూ అనకూడదనుకున్నాను. ఆదివారం ఇద్దరం ఆటోలో వెళ్లాం. పాత చెట్లు తుఫానుకి పడిపోతే వాటి చోట వేసిన తోట అది. చెట్లు ఇంకా మనిషెత్తు దాటలేదు, నీడ లేదు. రాలిన పండు తీసి, పిక్క మెలిపెట్టి బుట్టలో వేసుకుంటూ, వంగిన నడుం వంగినట్టే సాయంత్రం దాకా ఏరాను. అత్తగారు పమిట తల మీదుగా కప్పుకుని, "నువ్వూ కప్పుకోవే, ఎండ ముదిరింది" అని రెండుమూడుసార్లు కేకేశారు. పమిట పనికి అడ్డమొస్తోందని నేను నడుముకి దోపుకున్నాను. మన రంగుకి ఎండ ఏం చేస్తుందిలే అనుకున్నాను. పిల్ల మాత్రం వాళ్ల నాన్న పాత చొక్కా తొడుక్కుని, మెడకి తువ్వాలు చుట్టుకుని ఏరింది.

తిరిగి వస్తుంటే ఆటో సీటుకి వీపు ఆనించలేకపోయాను. ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటే, చెంబుడు నీళ్లు పడగానే కెవ్వుమని అరిచాను. అద్దంలో చూసుకుందామంటే మెడ తిరగలేదు. నేను కుట్టుకున్న జాకెట్టే, వెనక కోత పెద్దది. ఆ కోత మేరంతా నిప్పులు పోసినట్టుంది.

ఆయన ఆ రోజు కొయ్యూరు వైపు డ్యూటీ, మర్నాటికి గాని రారు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. వంటింట్లోకి వెళ్లి కొబ్బరినూనె సీసా తీశాను. వెనక ఎవరో నిలబడ్డట్టయి తిరిగాను. పిల్ల.

"నూనె వద్దు," అంది. "ఇప్పుడు రాస్తే ఎండ ఏడి లోపలే ఉండిపోద్ది."

"మరేం చేయాలి?"

"కూకోండి. సెప్తాను."

పీట వేసి కూర్చోబెట్టింది. మెత్తటి పాత నూలు చీర ముక్కని కుండలోని నీళ్లలో ముంచి, పిండి, నా మెడ కింద వీపు మీద పరిచింది. అది వెచ్చబడగానే తీసి మళ్లీ ముంచింది. ఫ్రిజ్‌లో ఐసు ఉంది కదా అన్నాను. "ఐసు వద్దు. చర్మం ఇంకా పాడవుద్ది" అంది. పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చి, బేగి తాగమని నా చేతికిచ్చింది. తాగాక మంచినీళ్లు కూడా తాగించింది. మంట కాస్త దిగాక, మేడ మీద కుండీలోంచి కలబంద మట్ట కోసుకొచ్చి, పసుపురంగు జిగురు కారిపోయేదాకా నిలబెట్టి ఉంచి, తొక్క తీసి లోపలి గుజ్జు రాసింది. ఎంత తేలిగ్గా రాసిందంటే, వేళ్లు తగిలాయో లేదో తెలియలేదు. చల్లదనం మాత్రం తెలిసింది.

"భుజం మీద చిన్న బొబ్బలొచ్చాయి," అంది. "గోకకండి. పగిలితే సీము పడతాది."

"నీకివన్నీ ఎవరు చెప్పారమ్మా?"

పిల్ల చెయ్యి ఆగింది. నేను వెనక్కి తిరగలేను కాబట్టి మొహం కనపడలేదు. మళ్లీ గుజ్జు రాస్తూ చెప్పింది.

"ఒకసారి వైజాగ్ బీచ్‌లో పొద్దంతా ఆడేసాను. భుజాలు ఇలాగే అయిపోయాయి. అమ్మ ఇలాగే సేసింది."

ఆ ఇంట్లో పిల్ల నోట అమ్మ అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. ఏదైనా అంటే అక్కడితో ఆపేస్తుందేమోనని భయం. "ఏడ్చావా?" అని మాత్రం అడిగాను.

"చాలా ఏడ్సాను. అమ్మ ఊదేది."

అంటూనే వంగి నా వీపు మీద ఊదింది. తడి మీద ఆ గాలి పాకుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "నొప్పెడతందా?" అని కంగారుగా అడిగింది. లేదమ్మా, హాయిగా ఉందన్నాను. ఆ తర్వాత వాళ్లమ్మ కబుర్లు చాలానే చెప్పింది. ఆవిడకి సముద్రమంటే భయమట, నీళ్లు పాదాలకి తగలగానే పరిగెత్తేదట. చెబుతూ చెబుతూ పిల్ల నవ్వింది. నేనూ నవ్వేసరికి చర్మం లాగి, అబ్బా అన్నాను.

మర్నాడు ఎరుపు ఇంకా ఎక్కువైంది. మందులషాపతన్ని అడిగితే, మొదటి ఒకట్రెండు రోజులు అలాగే ఉంటుందని, మంటకి ఒక మాత్ర ఇచ్చి, జ్వరం గాని కళ్లు తిరగడం గాని వచ్చినా, బొబ్బలు పెద్దవైనా డాక్టరుకి చూపించమన్నాడు. అవేవీ రాలేదు. వదులు జాకెట్టు వేసుకుని, ఎండ మొహం చూడకుండా ఇంట్లోనే ఉన్నాను. ఒంటిపూట బడి నుంచి రాగానే పిల్ల సంచీ పడేసి నా వెనక్కి వచ్చేది. తడిగుడ్డ, కలబంద, కబుర్లు.

ఆ వారంలోనే బొబ్బలు వాటంతటవే అణిగిపోయాయి. మంట పోయి దురద మొదలైంది. చర్మం ఉల్లిపొరలా లేచింది. ఊడబెరుకుదామని నేను చెయ్యి వెనక్కి పెడితే పిల్ల నా చేతి మీద ఒక్కటేసింది.

"పీకకు పిన్నీ! కింద చర్మం ఇంకా పచ్చిగా ఉంది. ఇప్పుడు నూనె రాయొచ్చు, ఉండు."

తను ఏమందో తనకి తెలియలేదు. సీసా కోసం వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను అలాగే కూర్చున్నాను. మీరు పోయి నువ్వు వచ్చింది, ఆ మాటా వచ్చింది. పిలిచినందుకు మురిసిపోతే సిగ్గుపడుతుందని, నూనె రాసినంతసేపూ జడ గురించీ పరీక్షల గురించీ మాట్లాడాను.

ఆ సాయంత్రమే అడిగాను. "మీ అమ్మ ఫోటో ఎక్కడుంది?"

పిల్ల నా మొహంలోకి చూసింది. తర్వాత మంచం కిందనుంచి సూట్‌కేసు లాగి, బట్టల మడతల మధ్యలోంచి ఫ్రేము తీసింది. నా పెళ్లికి ముందు ఎవరో గోడ మీంచి దించి అందులో దాచారట. అద్దం తుడిచి, ముందు గదిలో పాత మేకుకే తగిలించాం. వంకరగా ఉందని తను, లేదని నేను, కాసేపు వాదించుకున్నాం.

డ్యూటీ దిగి వచ్చిన ఆయన చెప్పులు విప్పుతూ గోడ వైపు చూసి ఆగిపోయారు. "ఎవరు పెట్టారు?" అన్నారు.

"మేమే," అంది పిల్ల. "పిన్ని, నేను."

ఆయన మొహం కడుక్కొచ్చి, మా ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం తిన్నారు. వానలు పడేనాటికి నా వీపు మీద మచ్చ కూడా మాసిపోయి, మెడా భుజాలూ ఒకే రంగుకి వచ్చేశాయి.