గ్రనాడాలో కొండమీది గది

మొన్న ఆదివారం ఏటిగట్టు మీద నడక ముగించుకొని వచ్చి, కాఫీ గ్లాసు పట్టుకొని వీధరుగు మీద కూర్చున్నానో లేదో, ఫోను వరసగా నాలుగుసార్లు మోగింది. చూస్తే హైదరాబాదులో ఉంటున్న మా తమ్ముడి కూతురు. మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చే నెల స్పెయిన్ దేశం వెళుతున్నారట, గ్రనాడా అనే ఊళ్ళో మూడు రోజులు ఉంటారట, నాలుగు హోటళ్ళ లింకులు పంపించి, నువ్వు వెళ్ళొచ్చినదానివి కదా అత్తా, ఇందులో ఏది తీసుకోమంటావని అడిగింది. మూడో దాన్ని నొక్కితే ఒక గది వచ్చింది. వేలితో ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. మంచం చూశాను, అద్దం చూశాను, ఇంకాస్త తిప్పేసరికి కిటికీ వచ్చింది, ఆ కిటికీలోంచి లోయ అవతల ఎర్రటి కోట కనిపించింది. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ వెచ్చ చేసుకోవాలని కూడా తోచలేదు.

నేను ఆ ఊరు వెళ్ళింది ఇరవై ఏళ్ళ కిందటి మాట. నా యీడు వాళ్ళకి చెప్పుకుంటే అర్థమవుతుందని చెబుతున్నాను గాని, ఇప్పటి పిల్లలకి ఇందులో వింతేముందో తెలియదు. నేను పుట్టింది కనకాలపేటలో, ముప్పై ఏళ్ళ పైచిలుకు యానాం బడిలో సాంఘికశాస్త్రం పాఠం చెప్పాను. మా వైపు నేలంతా బల్లపరుపు, ఎత్తంటే మాకు తెలిసింది ఏటిగట్టే, దాని మీదికెక్కి గోదావరిని చూస్తేనే ఆకాశం దగ్గరైనట్టు ఉంటుంది. అలాంటిదాన్ని తరగతిలో పిల్లలకి కొండల గురించీ కోటల గురించీ చెప్పాను. పాఠ్యపుస్తకంలో ఒక మూల బొటనవేలి గోరంత బొమ్మ ఉండేది, అది గ్రనాడాలోని అల్హంబ్రా కోట. అరబ్బు రాజులు కట్టుకున్నదీ, చివరికి వదిలిపెట్టి వెళ్ళిపోయిందీ. సిరా అలుక్కుపోయి అందులో గోడేదో చెట్టేదో తెలిసేది కాదు. ఏటా ఆ పేజీ దగ్గరికొచ్చేసరికి నేను ఒక నిమిషం ఆగిపోయేదాన్ని. పిల్లలు అది గమనించి, మేడమ్ కోట వచ్చిందని నవ్వుకునేవారు.

మా అక్క నాకంటే ఏడేళ్ళు పెద్దది. బావగారిది యానాంలో ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్న కుటుంబం, ఆయన ఫ్రెంచి సైన్యంలో చేసేవారు. పందొమ్మిదో ఏట అక్క ఆయన వెంట వెళ్ళిపోయింది, అప్పటికి నేను ఇంకా లంగా జాకెట్టులో ఉన్నాను. తరవాత మూడు నాలుగేళ్ళకొకసారి వచ్చేది గాని, వచ్చిన నెల రోజులూ చుట్టాలకే సరిపోయేవి. ఫరంపేట పిన్ని ఇంట్లో భోజనం, మెట్టకూరు మావయ్య ఇంట్లో ఫలహారం, అలా అలా తిరిగి విమానమెక్కేది. ఇద్దరం ఒక గదిలో పడుకొని కబుర్లు చెప్పుకున్న రోజు, దాని పెళ్ళయ్యాక, నాకు గుర్తున్నంతలో ఒక్కటీ లేదు. నేను పెళ్ళి చేసుకోలేదు. బావగారు పోయిన రెండేళ్ళకి, నేను ఉద్యోగం కొంచెం ముందుగానే వదిలేసిన ఏడాది, అక్క ఫోను చేసి, నా దగ్గరికి రా, ఇద్దరం ఎక్కడికైనా పోదాం, ఎక్కడికో నువ్వే చెప్పమంది. నాలుక చివర ఉన్నట్టు గ్రనాడా అన్నాను. అదెక్కడే అని నవ్వింది, పక్క దేశంలో నలభై ఏళ్ళుగా ఉన్న మనిషి.

ఇక ఎక్కడ దిగాలన్న గొడవ మొదలైంది. అక్క ఒక ఫ్రెంచి పుస్తకం కొనుక్కొచ్చి, ప్రతి ఆదివారం ఫోన్లో అందులోంచి చదివి తెలుగులో చెప్పేది. మూడు చోట్లు తేల్చింది. బస్టాండు దగ్గర కొత్త హోటలు, లిఫ్టు ఉంది, పొద్దున్న టిఫిను వాళ్ళదే. ఊరి నడిమధ్య పెద్ద చర్చి వెనక ఇంకొకటి, బజారు కాళ్ళ దగ్గరే. మూడోది అల్బైసిన్ అనే పాతపేటలో, కొండమీద, ఒక పెద్దావిడ తన ఇంట్లోనే అద్దెకిచ్చే గది. మెట్లెక్కాలి, గుమ్మం దాకా బండి రాదు, కిటికీ తెరిస్తే ఎదురుగా కోట. ఆ మూడోది వినగానే మిగతా రెండూ నా చెవిలో పడలేదు. ఆ సాయంత్రమే బజారులో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి ఆ పేట పేరు కొట్టించాను. బొమ్మ పైనుంచి కిందికి ఒక్కొక్క చారే వచ్చింది. ముందు నీలం ఆకాశం, తరవాత మంచు కొండలు, ఆ కింద ఎర్రగోడల అంచు. అక్కడికొచ్చేసరికి కరెంటు పోయింది. మిగతా సగం నేనే ఊహించుకున్నాను.

మా అక్క బస్టాండు హోటలు దగ్గరే పట్టు పట్టింది.

"పడుకోడానికి మంచం కావాలి గాని, కొండెందుకే మనకి?"

"పడుకోడానికైతే యానాంలో మంచం లేదా అక్కా?"

"నా మోకాళ్ళని అడిగి చెప్పు ఆ మాట."

"ఎప్పుడూ నీ మాటే నెగ్గాలి నీకు," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు, పన్నెండేళ్ళ పిల్లలా అనేశాను. అక్క ఫోను పెట్టేసింది. రెండు ఆదివారాలు ఫోను మోగలేదు. మూడో ఆదివారం మోగింది. హలో కూడా లేదు. "కొండమీదదే తీసుకున్నాను. ఎక్కలేకపోతే నువ్వే మోసుకెళ్ళాలి," అంది. నేను గెలిచాననుకొని పొంగిపోయాను. దాని మోకాళ్ళు ఎంత పాడయ్యాయో అది నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

వైశాఖమాసం ఎండల్లో ఇక్కడ బయల్దేరి, ఫ్రాన్సులో అక్క ఇంట్లో నాలుగు రోజులుండి, రైలూ బస్సూ మారి, ఒక మధ్యాహ్నం గ్రనాడాలో దిగాం. టాక్సీ కొండ ఎక్కి ఎక్కి, ఒక చిన్న బావి దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి సందు. ఇద్దరు పక్కపక్కన పట్టని సందు, కింద గుండ్రటి గులకరాళ్ళు పొదిగిన మెట్లు, రెండు పక్కలా సున్నం గోడలు, గోడల మీదినుంచి మల్లెపూల వాసనలాంటిదేదో. అక్క ఆ మెట్లని కిందినుంచి పైదాకా లెక్కపెట్టినట్టు చూసింది. నాకు అప్పుడు భయమేసింది. పది మెట్లెక్కేసరికి దాని పెదవులు తెల్లబడిపోయాయి. గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. నేను అక్కా, అక్కా అంటుంటే చెయ్యెత్తి, "మాట్లాడకు. నిన్ను తిట్టడానికి ఊపిరి దాచుకుంటున్నాను," అంది.

ఇంటావిడ పైనుంచి చూసిందేమో, ఏప్రానుతోనే దిగి వచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి, జుట్టుకి ఎర్రరంగు, చేతులకి పిండి. మాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి మాది రాదు. అయినా ఆవిడ అక్క నడుం చుట్టూ చెయ్యి వేసి, తన సొంత చెల్లెలిని తీసుకెళ్ళినట్టు, మెట్టుకి ఒకసారి ఆపుతూ, ఏదో కబురు చెబుతూ ఎక్కించింది. రెండు పెట్టెలతో వెనకాల నేను. ఆ మెట్లు ఎక్కినంతసేపూ నేను ఒక్కటే అనుకున్నాను, ఒక కిటికీ కోసం మా అక్కని ఇంత బాధపెట్టానని.

గదిలో అక్క మంచం మీద అటు తిరిగి కూర్చుంది. ఇంటావిడ కిటికీ తలుపులు రెండూ ఒక్కసారి తోసింది. ఇక నేను ఏమని చెప్పను. లోయ అవతల, చెయ్యి చాస్తే తగిలేట్టు, కోట. పుస్తకంలో గోరంత ఉన్నది ఆకాశంలో సగం ఆక్రమించుకొని నిలబడింది. సాయంత్రపు ఎండ పడి గోడలు కాలిన ఇటుకలా ఎర్రగా, వెనకాల కొండలమీద మంచు. వైశాఖంలో మంచు! కిటికీ ఊచ పట్టుకున్నాను. ఎంతసేపటికో వెనకనుంచి అక్క లేచి వచ్చి నా పక్కన నిలబడింది. తిడుతుందేమో అనుకున్నాను. "అమ్మో," అంది, చిన్నప్పుడు గోదావరికి వరదొస్తే గట్టుమీద నిలబడి అన్నట్టే. వెలుగు పూర్తిగా పోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

మర్నాటికి దాని కుడి మోకాలు తాటికాయంత వాచింది. ఇంటావిడ ఆలివ్ నూనె వెచ్చచేసి రాసింది, డాక్టరుని పిలిపించింది. ఆయన, ఊరు వదిలే రోజు దాకా కాలు కింద పెట్టకూడదన్నాడు. కోట లోపలికి వెళ్ళడానికి మా ఇద్దరి పేర్లతో, ఫలానా గంటకని రాసిన టిక్కెట్లు మూడో రోజుకి ఉన్నాయి. నేను వెళ్ళనన్నాను. అక్క కోపం చూడాలి.

"ఏమే, అంతమంది పిల్లలకి ఆ కోట పాఠం చెప్పి, తలుపు దాకా వచ్చి వెనక్కి పోతావా? నా మోకాలికి కాపలా కాయడానికా నిన్ను ఇంత దూరం రప్పించింది?"

"నువ్వు లేకుండా ఏం చూడను?"

"నేనూ చూస్తాగా, ఇక్కణ్ణుంచి. అదిగో, ఆ చివరి బురుజు ఉంది చూడు, దానిమీదికెక్కి ఇటు తిరుగు. నేను చీర ఆరేస్తాను. ఊపుతాను."

వెళ్ళాను. బయటినుంచి మోటుగా, సైనికుల కోటలా ఉన్న ఆ గోడల లోపల అంత సున్నితం దాగి ఉంటుందని ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పలేదు. గోడ నిండా లేసు అల్లినట్టు అక్షరాలు, ఆ అక్షరాలే తీగలై పైకి పాకి, కప్పు దగ్గర తేనెపట్టు అరల్లా విచ్చుకున్నాయి. ప్రతి గదిలోకీ నీటికాలువ, ఎక్కడ నిలబడ్డా నీళ్ళ చప్పుడు. నీటి పక్కన పుట్టినదాన్ని, నీళ్ళని అంత మర్యాదగా ఇంట్లోకి పిలుచుకోవచ్చని నాకెప్పుడూ తోచలేదు. చెక్కినవాడి పేరు లేదు, కట్టించినవాళ్ళు లేరు. నేను నోరు తెరుచుకొని తల పైకెత్తి తిరుగుతుంటే మెడ పట్టేసింది. ముప్పై ఏళ్ళు నేను పిల్లలకి చెప్పింది ఎంత తక్కువో అక్కడ తెలిసి సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

తరవాత బురుజెక్కాను. ఇటు తిరిగాను. ఎదురు కొండంతా తెల్లటి ఇళ్ళే, గుప్పెడు బియ్యం చల్లినట్టు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, అన్నిటికీ కిటికీలే. ఎడమనుంచి వెతికాను, కుడినుంచి వెతికాను, కళ్ళజోడు తుడుచుకొని వెతికాను. అప్పుడు కనిపించింది. మామిడిపండు రంగు చుక్క. నేను యానాం నుంచి తీసుకెళ్ళి ఇచ్చిన ఉప్పాడ చీర. కదులుతోంది. అన్ని వందల కిటికీల్లో మా అక్క ఉన్న కిటికీ అదొక్కటే, ఈ పరాయి దేశంలో, ఇంత ఎత్తుమీద, నాకోసం ఒంటికాలిమీద నిలబడి ఊపుతోంది. నేను ఏడ్చేశాను. పక్కన ఎవరో తెల్లావిడ కంగారుపడి ఏమైందని అడిగితే, వేలు పెట్టి చూపించి, మై సిస్టర్ అన్నాను. ఆవిడా వెతికి పట్టుకొని, తన టోపీ తీసి ఊపింది. నేను పైట చెంగు ఊపాను.

గదికి వచ్చేసరికి అక్క కాలు దిండుమీద పెట్టుకొని కూర్చుంది. కనిపించానా అని అడిగాను. "లేదే. ఎవరూ కనపళ్ళేదు. కోట మొత్తం నువ్వే అనుకొని ఊపాను," అంది. ఆ తరవాత, ఒక్కొక్క గదీ చెప్పు, ఏదీ వదలకని కళ్ళు మూసుకుంది. చెప్పాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ తరగతిలోనూ పాఠం చెప్పలేదు, అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

ఆ నాలుగు రోజుల్లో అక్క ఆ ఊళ్ళో అడుగుపెట్టింది ఆ మెట్లమీదే. వంటిల్లు చూసింది, ఇంటావిడతో చేతుల భాషలో చిక్కుళ్ళు వలిచింది, నాతో పెళ్ళినాటినుంచి దాచుకున్న మాటలన్నీ చెప్పింది, ఆ చలిదేశంలో మొదటి ఏడాది ఎంత ఏడ్చిందో, ఉత్తరాల్లో అంతా బాగుందని ఎందుకు రాసేదో. దిగేటప్పుడు పక్కకి తిరిగి ఒక్కొక్క మెట్టే దిగుతూ, మళ్ళీ వద్దాం, ఈసారి నేను చెప్పినచోట దిగుదాం, లిఫ్టున్నచోట, కోట లోపలికి నన్నూ తీసుకెళ్ళు అంది. సరేనన్నాను. మళ్ళీ వెళ్ళలేదు. దానికి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయ్యాయి, ఆ పైన గుండె జబ్బు వచ్చింది. అక్క పోయి ఆరేళ్ళయింది. కోట లోపల అది చూడలేదు. బస్టాండు హోటల్లో దిగి ఉంటే చూసేదేమో. దిగి ఉంటే ఆ నాలుగు రోజులు నాకు దొరికేవి కావేమో. ఈ రెండిట్లో ఏది సరైనదో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు, మీలో ఎవరికైనా తేలితే చెప్పండి.

ఇప్పుడంతా సుఖమే, కాదనను. వెళ్ళబోయే చోటు వెళ్ళకముందే చూసేస్తున్నారు, ఎవరు ఎన్ని చుక్కలిచ్చారో లెక్క చూసుకొని నిమిషంలో తేల్చేస్తున్నారు. మేం మాత్రం పుస్తకంలోని ఒక్క వాక్యం పట్టుకొని నాలుగు నెలలు దెబ్బలాడుకున్నాం, ఆ నాలుగు నెలలూ చూడని గదిలోనే కాపురం ఉన్నాం. ఏడాదికొకసారి మా రిటైర్డు టీచర్లం ఏదో ఒక ఊరు వెళుతుంటాం. బస్సు దిగగానే ఎవరో గది తాళంచెవి చేతిలో పెడతారు. కింద గదైనా పై గదైనా, మీకు పరవాలేదా మేడమ్ అని అడుగుతారు. ఇది వద్దు, అదే కావాలని నేను మొండికేస్తే, ఎదురు తిరిగి తిట్టి, ఆఖరికి నా మాటే నెగ్గించడానికి ఇప్పుడు నాకెవరూ లేరు. అందుకని ఏ గదైనా సరేనంటాను.