జ్యోతి సాళ్లు

మల్దకల్ చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లో పదహారేళ్ల జ్యోతి చేతివేగానికి పేరుండేది. ఎనిమిదో తరగతితో బడి మాన్పించి వాళ్లమ్మ బసవమ్మ పెట్టిన పని అది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చబోయే మొగ్గ రేకులు గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులు గిల్లేసి, ఎర్రకాగితం తొడగాలి. పొద్దున మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. ఒలవని మొగ్గ విచ్చిందంటే, దాని పుప్పొడే దానికి తగిలి విత్తనం కల్తీ అయినట్టే. అందుకే ఏ పిల్ల సాళ్లు ఆ పిల్లవే. తప్పు జరిగితే తిట్లూ ఆ పిల్లకే.

రెండు వేల అయిదు దసరా సెలవులకు చేను యజమాని నాగప్ప పటేలు కొడుకు మధు కర్నూలు కాలేజీ నుంచి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, ఓ సాయంత్రం జ్యోతి సాళ్లలోకి దూరాడు.

"నీకు తోడుంట" అన్నాడు.

పొద్దస్తమానం ఒంటరిగా మొగ్గలు గిల్లే పిల్లకు ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పాలా! మనసు పారేసుకుంది. "జర మెల్లగ, మొగ్గ ఇరుగుతది" అంటూ పని నేర్పింది. గోళ్లు కొరుక్కునే ఆ బాబుకు అది ఎక్కడ వస్తుంది? సగం మొగ్గలు వదిలేశాడు. వదిలేసిన సంగతి చెప్పనూ లేదు.

మర్నాడు పొద్దున సీడు కంపెనీ ఆర్గనైజరు వచ్చి చూసేసరికి జ్యోతి సాళ్లలో ఎక్కడ పడితే అక్కడ విచ్చిన పూలు. నాగప్ప మండిపడ్డాడు.

"ఏందే ఇది? కండ్లు ఏడ పెట్టుకొని చేసినవ్? రేపటి సంది నా చేన్ల అడుగు పెట్టకు!"

పని పోతే మేనమామ వెంట పుణె పోయి ఇటుకలు మోయాలి. ఇంట్లో ఆ మాట ఎప్పుడో అనుకున్నారు. నేను చేయలేదంటే మరెవరంటారు. చిన్న పటేలని చెబితే, నీ సాళ్లలో ఆయనకేం పని అంటారు. అప్పుడు పనితో పాటు పరువూ పోతుంది. ఆమె గట్టు మీదున్న మధు వైపు చూసింది. అతను ఒప్పుకుంటే చాలు. కొడుకును నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు, అంతే కదా.

మధు నోరు విప్పాడు.

"పోనీ నాయినా, తెల్వక చేసింది. ఈసారికి మాఫ్ చెయ్యి."

నాగప్ప చల్లబడ్డాడు. కొడుకు మంచితనానికి మురిసిపోయాడు కూడా.

"మావోడు చెప్పిండని ఇడుస్తున్న. వానికి దండం పెట్టు."

తోటి పిల్లలందరి ముందు జ్యోతి రెండు చేతులూ జోడించింది. సిగ్గుతో, కోపంతో ఒళ్లంతా కాలిపోయింది.

సాయంత్రం మధు వెలిగిపోతున్న మొహంతో మళ్లీ ఆమె సాళ్లలోకి వచ్చాడు.

"చూసినవా, నీ పని పోకుంట ఎట్ల కాపాడిన్నో!"

అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆమెకు భయం వేసింది అందుకే. పొమ్మనాలనుంది. పటేలు కొడుకును పటేలు చేన్లోంచి పొమ్మనేదెలా?

"మీ దయ, చిన్న పటేలా" అంది.

అతను నవ్వేసి పక్క మొక్క మీద చెయ్యి వేశాడు. చీకటి పడేదాకా జ్యోతి తన మొగ్గలూ ఒలిచింది, అతని వెనకాలే నడుస్తూ అతను వదిలేసినవీ ఒలిచింది.