దొంగ చేతికి తాళం

2008. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో నేను ఆడియాలజిస్ట్‌ని. అంటే వినికిడి ఎంతుందో కొలిచేదాన్ని. ఈ పనిలో అనుమానం జీతంతో పాటే వస్తుంది. పరిహారం కోసం చెవుడు నటించేవాళ్లు అప్పుడప్పుడూ తగులుతారు. వినపడకపోయినా వినపడుతున్నట్టు నటించిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను.

ఆవిడ పేరు ఇర్మా, బెల్జియం పాప్ గాయని. యాభై దాటాయి. విహార నౌకలో పాడే ఉద్యోగం వచ్చిందట, చెవుల గురించి మేం రిపోర్టు రాసివ్వాలి. ముప్పై ఏళ్లు డ్రమ్స్ పక్కన నిలబడి పాడానని ఆవిడే చెప్పింది.

బయటి చప్పుడు చొరని బూత్‌లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, ప్యూర్ టోన్ టెస్ట్ మొదలుపెట్టాను. నేను చిన్న కూత పంపుతాను, వినపడితే ఆవిడ బటన్ నొక్కాలి. శబ్దం తగ్గిస్తూ పోయాను. ఆవిడ ఒక్కటీ వదల్లేదు. పదహారేళ్ల పిల్లకు కూడా రాని ఫలితం.

నాకు ఒళ్లు మండింది. అద్దంలోంచి నా చెయ్యి చూస్తోందేమోనని కుర్చీ అటు తిప్పించాను. మళ్లీ అంతే. మెషిన్ చెడిందేమోనని హెడ్‌ఫోన్స్ నేనే పెట్టుకుని చూశాను. శుభ్రంగా ఉంది. అసలీవిడ గాయనేనా అని కూడా అనుకున్నాను.

క్లినిక్ మా పెద్ద డాక్టరుగారిది, గుంటూరాయన. ఫైలు కోసం వచ్చి నా వెనక నిలబడ్డారు.

“సరళా, టెస్ట్ చేస్తున్నావా, కచేరీకి కూర్చున్నావా? నీ లెఫ్ట్ హ్యాండ్ చూస్కో ఒకసారి.”

తొడ మీద ఎడమ చెయ్యి ఆదితాళం వేస్తోంది. విజయవాడలో చిన్నప్పుడు ఎనిమిదేళ్లు నేర్చుకున్న సంగీతం మరి. ఎనిమిది లెక్కలవగానే కుడి చెయ్యి టోన్ పంపుతోంది. టోన్ల మధ్య వ్యవధి మారుస్తూ ఉండాలన్నది మా చదువులో మొదటి పాఠం. సిగ్గుతో చచ్చిపోయాను.

“దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదేనమ్మా,” అని ఫైలు తీసుకుని వెళ్లిపోయారు.

ఈసారి టోన్ పంపలేదు. ఎనిమిది అయ్యాక బటన్ లైటు వెలిగింది. మొదట గట్టిగా వినపడిన టోన్లతోనే నా లెక్క పట్టేసింది.

తలుపు తీసి అడిగాను. ఇర్మా బుకాయించలేదు.

“పంతొమ్మిదేళ్లప్పుడు నా పాట దేశమంతా మోగింది. ఆ గొంతు నాది కాదని, వేరెవరో పాడారని ఒక పత్రిక రాసింది. నాదేనని చూపించడానికే ఊరూరా జనం ఎదుట నిలబడి పాడాను. చెవులు అక్కడే పోయాయి. ఇప్పుడు మీరు చెవుడని రాస్తే నన్ను పాడనివ్వరు, ఆ అబద్ధం గెలుస్తుంది.”

జాలి వేసింది. కానీ అనుమానం పోలేదు.

“ఒకసారి పాడండి,” అన్నాను.

తలుపు మూసి, బూత్ మైకు ఆన్ చేసి విన్నాను. వాయిద్యం లేదు. అయినా శ్రుతి వెంట్రుకవాసి జారలేదు. ఆ గొంతు ఎవరిదో నాకిక ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత తాళం లేకుండా టెస్ట్ మళ్లీ చేశాను. సన్నటి పై స్థాయి శబ్దాలు రెండు చెవులకూ చాలావరకు పోయాయి. ఉన్నదున్నట్టే రాశాను. పాటను చెవిలోనే వినిపించే మానిటర్ ఉంటే పాడగలరని, స్వయంగా విన్నానని కింద చేర్చాను. డాక్టరుగారు సంతకం పెట్టారు. ఆవిడ కాగితం చదివి, మడిచి పెట్టుకుంది.

నాలుగు నెలలకు నౌక బొమ్మతో కార్డు వచ్చింది. “ఇక్కడి డ్రమ్మర్‌కి మీ అంత నిలకడ లేదు,” అని రాసింది.

ఆవిడను, అద్దాన్ని, మెషిన్‌ని అనుమానించాను గానీ నా చేతిని అనుమానించలేదు. అప్పటినుంచి టెస్ట్ చేసేటప్పుడు ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చుంటాను.