తుడవకముందు తీసిన ఫొటో

మేనేజరుగారి కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని కబురొస్తే మెకానిక్ వెళ్లి, అందులో ఉన్నదంతా తుడిచేసి, విండోస్ కొత్తగా ఎక్కించాడు. బటన్ నొక్కీ నొక్కకముందే తెర వెలిగింది. మేనేజరు మొహం మాత్రం మాడిపోయింది.

"నా పేకాటేదయ్యా? తెర మీద మాట్లాడే చిలకేది?"

"కంప్యూటర్ పీక నొక్కుతున్నవి అవే సార్."

"నిన్నెవరడిగారు? ఎక్కడివక్కడ పెట్టు."

ఇలాంటి పెద్దమనుషుల్ని చూసీ చూసీ మెకానిక్‌కి అసహ్యించుకునే ఓపిక కూడా అయిపోయింది. అందుకే తుడవకముందే పాత తెరను ఫొటో తీసి ఉంచుకున్నాడు. అది చూస్తూ ఆ చెత్తనంతా, ఒక్క ముక్క పోకుండా, మళ్లీ ఎక్కించాడు. చిలక రెక్కలు కొట్టింది. కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టింది.

మేనేజరు మురిసిపోయాడు. "హమ్మయ్య! ఇప్పుడు నా కంప్యూటర్‌లా ఉంది." మౌస్ రెండుసార్లు నొక్కి, బొమలు ముడిచాడు. "ఇంకా నత్తలాగే ఉందేమిటి? నీకసలు పనొచ్చా?"