ఉప్పు మానిన అత్తమ్మ

పెళ్లయి కొత్తవాడకు వచ్చినప్పటి నుంచి అత్తమ్మను నేను మగ్గం మీదే ఎక్కువగా చూశాను. జంపఖానాలు నేసే మనిషి. అలాంటి ఆమెకు పోయినేడు చలికాలంలో కడుపు ఉబ్బింది, కాళ్లకు నీరు పట్టింది. వంగితే ఊపిరాడేది కాదు. గ్యాసేనంటూ కొన్నాళ్లు వాము నమిలింది. చివరికి నేనే పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయాను.

స్కానింగ్ చూసిన డాక్టరమ్మ లివర్ గట్టిపడిందని చెప్పింది. అత్తమ్మ ముఖం మాడిపోయింది.

"కల్లు సుత ముట్టలే మేడం నేను. తాగేటోళ్ల రోగం నాకెందుకొచ్చె?"

"తాగుడొక్కటే కాదమ్మా. ఇన్నేండ్ల షుగర్ తోటి లివర్‌కు కొవ్వు పట్టింది. అట్ల మెల్లమెల్లగ గట్టిపడ్డది."

మరి కడుపులో నీరెక్కడిదని నేనడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. రక్తనాళాలు కాక ఒంట్లో మరో రకం సన్నని నాళాలుంటాయట. రక్తంలోంచి బయటికి ఊరిన నీటిని అవి పోగుచేసి మళ్లీ రక్తంలో కలుపుతాయి. ఆ నీటినే లింఫు అంటారు. అది లివర్‌లో మామూలుగానే ఎక్కువ ఊరుతుంది. లివర్ గట్టిపడితే లోపల ఒత్తిడి పెరిగి ఇంకా ఊరుతుంది.

"ఆ నాళాలు వెడల్పయి, చాతనైనన్ని రోజులు మోసినయమ్మా. ఇగ వాటితోటి కాలే. మిగిలిన నీళ్లు కడుపుల చేరినయి. ఉప్పు నీళ్లను ఒంట్ల పట్టి ఉంచుతది. అందుకే ఉప్పు బాగ తగ్గియ్యాలె."

సూదితో నీళ్లు తీశారు, మందులు రాశారు. ఇంట్లో అడుగుపెట్టగానే అత్తమ్మ మామిడికాయ తొక్కు జాడీని పక్కింటామెకు ఇచ్చి రమ్మంది.

ఆ రాత్రి చప్పిడి పప్పుతో అన్నం కలుపుకుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చూడలేక చిటికెడు ఉప్పు వేయబోయాను. నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు జాలిపడితె నా కడుపుల మల్ల నీళ్లు నిండుతయి పిల్లా. జర గట్టిగుండు."

అప్పటి నుంచి నేనూ గట్టిగానే ఉన్నాను. నిమ్మరసం పిండాను, వెల్లుల్లి దంచి వేశాను, కొత్తిమీర దట్టంగా చల్లాను. అయినా ఒకసారి మళ్లీ నీళ్లు చేరాయి. ఇంత చేసినా ఇదేనా అని నేను డీలా పడ్డాను. అత్తమ్మ మాత్రం, "తీపిచ్చుకుందాం పా," అంటూ చెప్పులేసుకుంది. మందు మార్చారు. ఎండాకాలం వచ్చేసరికి కడుపు తగ్గింది. లివర్ మునుపటిలా కాదని, ఉన్నది కాపాడుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అత్తమ్మ పొద్దున పూట కాసేపు మగ్గం ఎక్కడం మొదలుపెట్టింది.

మొన్న ధర్మసాగర్‌లో చుట్టాల పెళ్లికి పోయాం. పంక్తిలో కూర్చుని అత్తమ్మ తన టిఫిన్ డబ్బా తెరిచింది. ఆమె ఆడబిడ్డ ఊరుకోలేదు.

"ఒక్క పూటకు ఏమైతది వదినా? మటన్ కూర జర ఏసుకో."

"నాకద్దు. నీకు సుత షుగరుంది కదా, ముందు లివర్ స్కానింగ్ తీపిచ్చుకో. తాగకపోయినా వస్తదట," అంది అత్తమ్మ, పంక్తంతా వినేలా.

నలుగురూ తిరిగి చూశారు. అత్తమ్మ తల దించుకోకుండా, నిమ్మచెక్క పిండుకుని అన్నం కలిపింది.