గోడ మీద నాలుగు వరుసలు

ఆ అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉండేది. అందుకే ఆర్ట్ కాలేజీలో అందరూ ఆమెను చిటపట అనేవారు. డిజిటల్ మీడియా రెండో ఏడాది చదువుతోంది. ల్యాబ్‌లో బొమ్మ సగంలో ఉండగా కంప్యూటరు బిగుసుకుపోతే బల్లను ఒక్క దెబ్బ వేసేది. "బల్లేం చేసిందే పాపం?" అని పక్కవాళ్ళు నవ్వితే, "చేతికి అందింది, అంతే" అనేది.

తండ్రి లిఫ్ట్ మెకానిక్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉండేది. చిన్నప్పుడు మడత కుర్చీ తెరవబోయి అందులో ఇరికించుకున్నాడు. ఎవరైనా అడిగితే, "కుర్చీకి సగం వేలు ఇచ్చాను గానీ లిఫ్టుకి గోరు కూడా ఇవ్వలేదు" అని నవ్వేవాడు. ఆ మాట ఉత్త గొప్ప కాదు. ఆయన చేతి కింద ఒక్క ప్రమాదం కూడా జరగలేదు.

ఏడాది చివర ప్రదర్శనకి ఒక్కో విద్యార్థీ రెండు నిమిషాల కదిలే బొమ్మ చేయాలి. దాన్ని ప్రొజెక్టరుతో గోడ మీద పెద్దగా వేస్తారు. చిటపటకి నెల రోజులు ఏమీ తోచలేదు. వాన చేసింది, చెరిపేసింది. మబ్బులు చేసింది, వాటి ముఖం చూస్తేనే ఒళ్ళు మండింది. లెక్చరర్ మేడమ్ మాత్రం వారం వారం కుర్చీ వెనక నిలబడి, "నీ ఇన్‌స్పిరేషన్ ఏమిటి? లోపలి నుంచి రావాలి" అనేది. లోపల ఎంత వెతికినా ఆకలి, నిద్ర తప్ప ఏమీ దొరకలేదు.

ఒక సెలవు రోజున తండ్రే, "ఊరికే ఇంట్లో కూర్చుని గోడల మీద పడే బదులు నా వెంట రా" అన్నాడు. పన్నెండంతస్తుల ఆఫీసు భవనం. పై అంతస్తులో లిఫ్టు తలుపు తాళం తీసి, నేల మీది పసుపు గీత చూపించి, "ఇది దాటావంటే ఇంటికి పంపించేస్తాను" అన్నాడు. ఆమె వంగి చూసింది. కింద అంతులేని చీకటి. లిఫ్టు పెట్టె అందులోకి దిగుతుంటే, అవతల వైపు నుంచి ఇనప దిమ్మెల వరుస మెల్లగా పైకి లేచి వస్తోంది. తాళ్ళు సన్నగా మూలుగుతున్నాయి.

"మోటారే అంతా లాగుతుందనుకుంటారు జనం. ఈ దిమ్మెలు దిగితేనే ఆ పెట్టె సుఖంగా ఎక్కేది. వీటిని ఎవరూ చూడరు" అన్నాడు తండ్రి.

ఆమె ఒళ్ళు జలదరించింది. ఫోన్ తీసి తాళ్ళ మూలుగు, బ్రేకు పడే చప్పుడు రికార్డు చేసుకుంది. ఆ తరువాత మూడు వారాలు ఎవరికీ కనబడలేదు. బొమ్మ వెనక బొమ్మ గీసింది. ఆ మూడు వారాలూ బల్ల మీద ఒక్క దెబ్బ కూడా పడలేదు.

మేడమ్ చూసి మెచ్చుకుంది. అంతలోనే పెదవి విరిచింది. "బాగుంది. కానీ ఇందులో బాధ ఎక్కడ?"

"బాధ లేదు మేడమ్. లిఫ్టు ఉంది."

"మీ నాన్నగారి వేలు ఎలా పోయింది? నీ ఫోటోల్లో చూశాను."

"మడత కుర్చీలో పడి."

మేడమ్ నవ్వేసింది. "కుర్చీ ఎవరికి కావాలమ్మా!"

రెండు రోజులకి మెయిల్ వచ్చింది. గోడ మీద బొమ్మ పక్కన పెట్టబోయే బోర్డు తాలూకు రాత అది. నాలుగు వరుసలు: "లిఫ్టు ప్రమాదంలో వేలు కోల్పోయిన తండ్రికి, యంత్రాల మధ్య నలిగిపోయిన ఒక జీవితానికి, ఒక కూతురు కన్నీళ్ళతో అర్పిస్తున్న నివాళి." కింద మేడమ్ మాట: "ఓకేనా? బహుమతి జాబితాలో నీ పేరు ముందుంది."

చిటపట చెవులు వేడెక్కాయి. "ఇది అబద్ధం మేడమ్" అని టైపు చేసింది. బహుమతి మాట ఇంకోసారి చదివింది. తుడిచేసింది. "ఓకే" అని పంపింది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెంట తల్లి, ఆయన సూపర్‌వైజరు, పనిలో తోటివాళ్ళు ఇద్దరు. గోడ మీద బొమ్మ మొదలైంది. దిమ్మెలు పైకి లేచాయి. "అదిగో, బ్రేకు పడింది!" అని ఒకతను చిన్నపిల్లాడిలా అరిచాడు. తండ్రి ముఖం వెలిగిపోయింది.

సూపర్‌వైజరు కళ్ళజోడు పెట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్ళి పైకి చదివాడు. చదవడం అయ్యాక వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా, ఈ ప్రమాదం ఎప్పుడు జరిగింది? నాకు రిపోర్టు రాలేదే?"

తోటివాడు కిసుక్కుమన్నాడు. తండ్రి పెదాలు కదుపుతూ తనే ఒకసారి చదువుకున్నాడు. "నివాళంటే పోయినవాళ్ళకి కదా?" అన్నాడు నెమ్మదిగా.

"నోరు పడిపోను! బతికున్న మనిషికి నివాళేంటి? ఎవరు రాశారీ రాత?" అని తల్లి అందుకుంది.

తండ్రి కూతురి వైపు చూశాడు. "నీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. మేడమ్ మీదికి నెట్టెయ్యొచ్చు. "తెలుసు నాన్నా" అంది.

"ఇరవై ఆరేళ్ళమ్మా" అన్నాడాయన. ఆ భవనంలో లిఫ్టు ఉంది. ఆయన మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది చిటపటకి. బోర్డు పట్టుకుని లాగింది. జిగురు గట్టిగా పట్టి ఉంది. గోళ్ళు విరిగినా వదల్లేదు. చివరికి గోడ సున్నం పెచ్చుతో సహా ఊడొచ్చింది. మేడమ్ పరుగున వచ్చింది.

"పిచ్చి పట్టిందా నీకు? భావం నిజమైతే చాలు. వివరాలు ఎవరు చూస్తారు?"

"మా నాన్న చూస్తాడు మేడమ్! ఆయన బతుకంతా వివరాలే. ఒక నట్టు వదులైతే పదిమంది ప్రాణాలు పోతాయి."

"రాత నీకు పంపాను. ఓకే అన్నావు."

ఆ దెబ్బ సూటిగా తగిలింది. "అన్నాను. బహుమతి కోసం కక్కుర్తి పడి అన్నాను. అందుకే మీ మీద కంటే నా మీదే ఎక్కువ మండుతోంది నాకు."

"ఆ బోర్డు లేకపోతే జాబితాలో నీ పేరు ఉండదు."

"కొట్టేయండి."

బోర్డు తిరగేసి మార్కరుతో తనే రాసింది. "లిఫ్టు షాఫ్టు లోపల ఇలా ఉంటుంది. మా నాన్న చూపించాడు. ఆయన చేతి కింద ఇంతవరకు ఒక్క ప్రమాదం జరగలేదు. వేలు పోయింది మడత కుర్చీలో." అక్షరాలు వంకరగా వచ్చాయి. అలాగే గోడకి ఆనించింది.

బహుమతి మబ్బులు చేసిన అబ్బాయికి పోయింది. ఈమెకి అత్తెసరు మార్కులు పడ్డాయి. అది ఆమె పట్టించుకోలేదు. వర్క్‌షాపులో తండ్రిని "నివాళి గారు" అని పిలుస్తున్నారని తల్లి చెప్పినప్పుడు మాత్రం అన్నం పళ్ళెం తోసేసి లేచింది. మర్నాడే వర్క్‌షాపుకి వెళ్ళి సూపర్‌వైజరు బల్ల ముందు నిలబడింది.

"ఆ రాతకి ఓకే చెప్పింది నేను. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి. ఆయన్ని ఆ పేరుతో పిలిస్తే మర్యాదగా ఉండదు."

సూపర్‌వైజరు బిత్తరపోయాడు. "సరదాకన్నాంలేమ్మా" అన్నాడు. ఆ తరువాత ఆ పేరు వినబడలేదు. ఈ సంగతి తండ్రికి తెలిసింది. తెలిసినట్టు ఆయన ఎక్కడా బయటపడలేదు.

తొమ్మిది రోజులు ఇంట్లో "ఆ తలుపు వెయ్యి" తప్ప మాట లేదు. పదో రోజు ఆయనే ఫోన్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో ఆమె బొమ్మ ఆగి ఉంది.

"తాళ్ళు మూడే గీశావు. ఆ లిఫ్టుకి ఐదు."

"మూడైతే చూడ్డానికి బాగుందని..."

"బాగుందని!" ఆయన గొంతు అంతగా లేవడం ఆమె ఎన్నడూ వినలేదు. "చూడ్డానికి బాగుందని రెండు తాళ్ళు పీకేస్తావా? ఆ మేడమ్ చేసిందేంటి, నువ్వు చేసిందేంటి?"

ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది, తన చేతుల మీద. పదకొండు రోజులు కూర్చుని మొదటి బొమ్మ నుంచి మళ్ళీ గీసింది. ఐదు తాళ్ళూ గీసింది. అందవికారంగా ఉంది గానీ సరిగ్గా ఉంది. ఆయన చూసి, "ఊఁ" అన్నాడు. "ఆదివారం ఆసుపత్రి లిఫ్టు పని ఉంది. వస్తే రా."

ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. ఆమెకి మేడమ్ మీద కోపం తగ్గలేదు. ఆయనకి కూతురి మీద పూర్తిగా తగ్గలేదు. స్టాపు వచ్చాక ఆయన పనిముట్ల సంచి ఆమె ఒళ్ళో పెట్టి, "జాగ్రత్త, బరువు" అని ముందు దిగాడు.