సీజన్‌లో ఆపని మిషన్

ఆ కోల్డ్ స్టోరేజీ యజమానిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నన్ను నేను తలుచుకుంటే ఇంకా ఎక్కువ మండుతుంది.

గుంటూరు శివార్లలో రైతులు మిరప బస్తాలు దాచుకునే గోదాము అది. అక్కడ కంప్యూటర్ పని నాది. ఏ లాటు ఎవరిదో, ఏ రకం కాయో అన్నీ అందులోనే ఉండేవి. కాటాకు తగిలించిన కార్డు పాత లినక్స్ కెర్నల్‌తో, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం పాతదైతే తప్ప, పనిచేసేది కాదు. ఆ కెర్నల్ ఫైల్ సిస్టమ్‌లో ఒక కన్నం బయటపడింది. చూడ్డానికి మాత్రమే అనుమతి ఉన్నవాడు కూడా దానిలోంచి దూరి ఫైలును మార్చేయొచ్చు. సవరణ వచ్చింది, కానీ కొత్త కెర్నల్‌కే. పాతవాళ్ళ గొడవ ఎవడికి కావాలి?

కొత్త చొక్కా చెయ్యి కోసి పాత చొక్కాకు కుట్టినట్టు, ఆ సవరణను పాత కోడ్‌లోకి దించాను. కొత్తదాంట్లో ఉన్న ఫంక్షన్ పాతదాంట్లో లేదు, నేనే రాసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. ఇంట్లో వేరే కంప్యూటర్ మీద పరీక్షిస్తే కన్నం పూడింది. గోదాములో ఎక్కించి, కంప్యూటర్‌ను ఒక్కసారి ఆపి మళ్ళీ వేస్తేనే సవరణ పనిచేస్తుందన్నాను.

"ఆపుతారా? కొబ్బరికాయ కొట్టి వేసిన మిషనండీ అది! సీజన్ అయ్యేదాకా ఆపే ప్రసక్తే లేదు," అన్నాడు యజమాని.

మొదటి బస్తా లోపలికి వెళ్ళేరోజు, గోదామును చల్లగా ఉంచే కంప్రెసర్‌కు కొబ్బరికాయ కొట్టడం అక్కడి ఆనవాయితీ. పక్క గదిలో ఉన్న పాపానికి కంప్యూటర్‌కూ బొట్టు పెట్టారు. కంప్రెసర్ ఆగితే కాయ రంగు పోతుంది, నిజమే. కంప్యూటర్ ఆగితే ఏం పోతుందని నిలదీయాల్సింది. "సరేనండి" అన్నాను. సరేనట!

రెండు నెలలకు సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వచ్చాడు. ఎర్రటి మేలు రకం కాయ పెట్టి వెళ్ళిన మనిషి. చీటీ మీద లాటు నంబరే ఉంటుంది, రకం ఉండదు. కంప్యూటర్‌లో తాలు, అంటే నాసిరకం, అని ఉంది. బస్తా విప్పితే పాలిపోయిన తాలు కాయే. గేటు గుమాస్తా, చూడ్డానికి మాత్రమే అనుమతి ఉన్నవాడు, ఆ కన్నంలోంచే దూరి రెండు లాట్లను తారుమారు చేసి, ఈయన బస్తాలను ఎవరికో తోలేశాడు.

"నా చేలో కాయ నాకు తెలియదంటయ్యా?" అని అరిచి, పెద్దాయన పిడికెడు తాలు నా బల్ల మీద పోశాడు.

యజమాని నా వైపు తిరిగాడు. "బాగు చేశానన్నారుగా!"

ఎవరినీ అడక్కుండా వెళ్ళి కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేశాను. మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ కంప్రెసర్ తన మానాన తాను తిరుగుతూనే ఉంది. పెద్దాయన ఆ తాలు బస్తాల పక్కనే నిలబడి ఉన్నాడు.